మా ఆడపడుచు తనిఖీ

మా ఆడపడుచు ఎవరినీ నమ్మదు. పాలు కాగాయంటే మూత తీసి చూస్తుంది. వాన పడుతోందంటే చెయ్యి బయటపెట్టి చూస్తుంది. ఇరవై ఏళ్ళు బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసిన మనిషి. ఆవిడ బస్సెక్కితే టిక్కెట్టు కొన్నవాళ్ళు కూడా జేబులు తడుముకునేవారు.

అలాంటిది, నలభై అయిదో ఏట ఆ ఉద్యోగం వదిలేసి మా వీధి చివర పసిపిల్లల బడిలో టీచరుగా చేరింది.

"ముక్కులు తుడవడానికా?" అన్నాను.

"తుడిస్తే అరుగుతాయా వదినా?"

నాకు అనుమానమే. నేను రెండో తరగతితో ఆపేసినదాన్నే గానీ, నా చెవిలో పువ్వు పెట్టడం ఎవరి తరమూ కాదు.

నెల రోజులు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు బడివాళ్ళు. కడుపునొప్పి అన్న పిల్లను ఈవిడ "ఎక్కడ? చూపించు" అందిట. పిల్ల మోకాలు చూపించింది. చేతులు కడుక్కున్నామంటే వాసన చూసేది. "టీచరా, పోలీసా?" అని తల్లులు గొణిగారు.

అదే తరగతిలో నా మనవడున్నాడు, మూడేళ్ళవాడు. పది రోజులుగా ఆటకి లేవడు, మూల వదలడు. మొండివాడని ఆయా తేల్చేసింది. ఈవిడ చూపులకే బెదిరాడని నేను తేల్చాను. నెలాఖరున నేరుగా పెద్ద టీచరమ్మ గదికి వెళ్ళాను.

"ఈవిణ్ణి తీసేస్తారా, మా వాణ్ణి తీసుకుపోనా?"

ఆవిడ మా ఆడపడుచునీ పిల్లాణ్ణీ పిలిపించింది. "ఏమ్మా, ఏమంటావు?"

"వీడు మొండి అంటే నేను నమ్మనండీ," అంది మా ఆడపడుచు. వాడి చెవులు చూసింది, నాలుక చూసింది. చివరికి బూట్లు విప్పి లోపల వేలుపెట్టి గెలికింది. ఒక్కో బూటులోంచి ఒక్కో కాగితపుండ బయటికొచ్చింది! వాడి కాలివేళ్ళు ముడుచుకుని ఎర్రగా కందిపోయున్నాయి.

"ఎవరు కుక్కారివి?" అంది పెద్ద టీచరమ్మ.

నేను కొంగు సర్దుకున్నాను. రెండేళ్ళు రావాలని పెద్ద సైజు కొని, వదులుగా ఉన్నాయని కుక్కింది నేనే. పాదాలు పెరిగాయి, కాగితం తియ్యడం మరిచాను.

మా ఆడపడుచు నావంక ఒక్క చూపు చూసింది. "షాపువాళ్ళు పెట్టుంటారండీ. బూట్ల ఆకారం చెడకుండా."

పిల్లాడు ఒట్టికాళ్ళతో బయటికి తుర్రుమన్నాడు. పెద్ద టీచరమ్మ వాణ్ణి చూసి, "రేపట్నుంచి నీ ఉద్యోగం ఖాయం," అంది.

దారిలో ఉండబట్టలేక అడిగాను, "నేనే అని నీకు తెలీదూ?"

ఆవిడ గుప్పిట విప్పింది. మా వంటింటి క్యాలెండరు కాగితం, వెనకాల నా కోడిగీతల చేతిరాత! దాన్ని చింపి చెత్తకుండీలో వేసి, "రుజువేదీ వదినా?" అంది.

ఇంటిదాకా ఆవిడ సంచీ నేనే మోశాను. ఎందుకూ అని అడిగినవాళ్ళకి, బరువు లేదు కనక అని చెప్పాను.