శకుంతల టీచర్ కాగితపు రాబందులు

నిన్న మా పాప స్కూలు పని కోసం పొయ్యి మీద మైదా జిగురు కాచాను. ఆ ఉడికిన పిండి వాసన వంటింట్లో కమ్ముకోగానే శకుంతల టీచర్ గుర్తొచ్చారు. ఛత్రినాకలో మా సర్కారు బడిలో ఆమె సైన్సు చెప్పేవారు. సైదాబాద్ నుంచి బస్సులో వచ్చేవారు. గేటు దాటకముందే ఆమె నవ్వు తరగతిలో ఉన్న మాకు వినపడేది.

అడవి జంతువులను కాపాడేవాళ్లకు సాయంగా, పాత పేపర్లు, మైదా జిగురుతో బొమ్మలు చేసి బోనాల పండగ అంగట్లో అమ్ముదామని ఒకరోజు ఆమె అన్నారు. పులి నాకు, నెమలి నాకు అంటూ అందరూ చేతులెత్తారు. ఎప్పటిలాగే నేను వెనక బెంచీలో నోరు మెదపలేదు. చివరికి నాకు మిగిలింది రాబందు.

"టీచర్, రాబందు మస్తు గలీజుగుంటది," అన్నాను.

"అందం చూసి కాపాడాల్నంటే మనల్నెవరు కాపాడ్తరే?" అని పకపకా నవ్వారామె. బోడి మెడ కుదరక నేను విసుక్కుంటుంటే పక్కన కూర్చుని, కాగితాన్ని తడిపి ముడతలు పెట్టడం నేర్పారు.

అంగడి రోజు పులులు, నెమళ్లు మధ్యాహ్నానికే అయిపోయాయి. నా రాబందులు మాత్రం బల్ల మీద అలాగే కూర్చున్నాయి. టీచర్ నన్ను ముందుకు తెచ్చి నిలబెట్టారు. "ఎట్లుంటదో గాదు, ఏం చేస్తదో చెప్పు. జర గట్టిగ చెప్పు."

"అడవిల సచ్చిన జీవాల్ని గిదే తింటది! గిది లేకుంటే కంపు, రోగాలు!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని అప్పటిదాకా నాకే తెలియదు.

సరిగ్గా అప్పుడే మా బాపు డ్యూటీ దిగి, భుజాన చీపురుతో అటే వస్తూ ఆగాడు. ఆయన మా వీధులు ఊడ్చేవాడు. బడిలో ఎవరైనా ఆయన పని అడిగితే నేను నసిగి ఊరుకునేదాన్ని.

"గట్లయితే గిది మా డ్యూటీ మనిషే గద!" అన్నాడు బాపు.

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. టీచర్ మాత్రం తన కుర్చీ తెచ్చి ఆయన ముందు వేశారు. "కూసోండన్నా. గల్లీ సాఫ్ చేసేది మీరు, అడవి సాఫ్ చేసేది అది. దాని గురించి మీకంటే మంచిగ ఎవరు చెప్తరు?"

బాపు కూర్చోలేదు. బల్ల పక్కన నిలబడి, "రండి భాయ్, మా సుట్టాన్ని ఇంటికి తీస్కపోండి!" అని పిలవడం మొదలుపెట్టాడు. నవ్వుకుంటూనే జనం ఆగారు. పూలమ్మే ఆమె ఒకటి కొంది, ఆటో అన్న ఒకటి కొని అద్దం ముందు పెట్టుకున్నాడు. నేనూ బాపు పక్కన నిలబడి, గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. చీకటి పడకముందే బల్ల ఖాళీ.

టీచర్ రిటైరై చాలా ఏళ్లయింది. పోయిన వారం మా ఆఫీసులో కొత్తగా చేరినామె, "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగింది.

"ఛత్రినాక వీధులు ఊడ్చేవారు," అన్నాను, పక్క టేబుళ్లవాళ్లు కూడా తలెత్తి చూసేంత గట్టిగా.