నాంచారయ్య పేరు పిలిచినప్పుడు

సైనికుల చరిత్రలు మా ఊరి గ్రంథాలయంలో ఉన్నవన్నీ చదివాను. పాలకాయతిప్ప దగ్గర నాకు ఎదురైన సంగతి వాటిలో ఎక్కడా లేదు. అందుకే రాసిపెడుతున్నాను.

మా తాతయ్య పోయేముందు, "పటాలంలో నా తోటివాడు నాంచారయ్య. వాడి పేరు పోనీకురా" అన్నారు. పాలకాయతిప్ప నాంచారయ్య సొంత ఊరు. ఏటా ఒక ఉదయం చనిపోయిన సైనికుల పేర్లు అక్కడి మాజీ సైనికులు పిలుస్తారు. వాళ్ల ఇంటివాళ్లు "ఉన్నాడు" అనాలి. ఎవరూ పలకకపోతే ఆ పేరు కొట్టేస్తారు.

"నాంచారయ్య గారి ఇంట్లో అందరూ ఉప్పెనలో పోయారటగా. మరి పేరెలా నిలిచిందండీ?" అని పేర్లు పిలిచే సుబేదారు కోటేశ్వరరావు గారిని అడిగాను.

"ఏటా ఎవరో పలుకుతున్నారండీ. ఎవరంటే ఎవరూ చెప్పరు. ఈసారి మీరనండి బాబూ, మాకూ భయం తీరుద్ది."

నేను చివరి వరుసలో నిలబడ్డాను. నాంచారయ్య పేరు పిలిచారు. నేను నోరు తెరిచేలోపే "ఉన్నాడు" అని నా వెనక నుంచి వినిపించింది. తిరిగి చూస్తే ఇసక, దాని అవతల సముద్రం.

కోటేశ్వరరావు గారు కాగితం మీద టిక్కు పెట్టుకుని, "గట్టిగానే అన్నారండీ" అని నన్ను మెచ్చుకున్నారు.

బందరు నుంచి ఆటోలో తీసుకెళ్లిన రఫీ గారికి, అన్నం పెట్టిన సీతామహాలక్ష్మి గారికి, కోటేశ్వరరావు గారికి నా కృతజ్ఞతలు. నాంచారయ్య గారికి కూడా.