మీర్ సాబ్ పది నిమిషాలు

ఆ రోజుల్లో ఆఫీసంటే రోజూ వెళ్లవలసిన చోటు. కింద లుంగీ, పైన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంట్లోంచే మీటింగుల్లో కూర్చునే సుఖం ఇంకా రాలేదు. ప్రగతి నగర్ నుంచి రెండు బస్సులు మారి, రెండింట్లోనూ నిలబడే హైటెక్ సిటీ చేరేవాణ్ని. నాకు ఇరవై మూడేళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, అంటే ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతికి జీతం తీసుకునేవాణ్ని. ఆ ఉద్యోగం మనిషి స్వభావానికి ఎంత హాయిగా అతుక్కుపోతుందో చేసినవాళ్లకే తెలుసు. ఆదివారాలు మా సంఘంలోనూ నేను చేసేది దాదాపు అదే పని. కాకపోతే అక్కడ జీతం లేదు, మెప్పు ఉండేది.

మా సంఘం, అంటే మా చర్చి గురించి కొంచెం చెప్పాలి. మా నాన్న, పెదనాన్న గుంటూరు వైపు నుంచి బాలానగర్ ఫ్యాక్టరీలో పనికి కలిసి వచ్చారు. ఒకే గదిలో ఉన్నారు, ఒకే సైకిల్ మీద డ్యూటీకి వెళ్లారు, తర్వాత ప్రగతి నగర్‌లో ఇద్దరూ కలిసి రేకుల షెడ్డు వేసి సంఘం మొదలుపెట్టారు. అంతా బాగానే ఉండగా ప్రభురాత్రి భోజనం దగ్గర ఒక ప్రశ్న వచ్చి పడింది. ద్రాక్షరసం అందరూ ఒకే గిన్నెలోంచి తాగాలా, తలా ఒక చిన్న గిన్నె ఇవ్వాలా? "ఒక్క గిన్నే ఉండాలిరా. మనమంతా ఒకటే అని చెప్పడానికే అది" అన్నారు పెదనాన్న. "ఒకటే, కాదన్నదెవరన్నయ్యా? కానీ అందరూ మీసాలు ముంచితే ఎలా?" అన్నారు నాన్న. (మొత్తం సంఘంలో ముంచదగ్గ మీసాలున్నది పెదనాన్నకే.) ఆరు నెలల తర్కం తర్వాత, మనమంతా ఒకటే అని చెప్పే ఆ గిన్నెను పట్టుకుని పెదనాన్న అదే వీధిలో ఆరిళ్ల అవతల ఇంకో షెడ్డు వేశారు. అప్పటికి ఏడేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు. రెండు సంఘాల మైకులు మాత్రం ప్రతి ఆదివారం ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి.

అలాంటి ఒక ఆదివారం సాయంత్రమే నాన్న నన్ను పిలిచారు. యౌవనస్థుల కూడికకు కార్యదర్శి పదవి ఖాళీ అయింది. అది నాకు కావాలి. ఎంత కావాలంటే, అద్దం ముందు నిలబడి చేతిలో దువ్వెన పట్టుకుని మైకు అనుకుని ప్రకటనలు చదివేవాణ్ని. "వచ్చే నెల కూడికలో ప్రసంగం నువ్వు చెయ్యి. బాగా చేశావంటే పెద్దలు నీ పేరే అంటారు. అంశం, ఇస్లాంలో చీలికలు" అన్నారు నాన్న. "మీ ఆఫీసులో ముస్లింలు ఉన్నారు కదరా, దగ్గరుండి చూడు. వాళ్లలో వాళ్లకి ఎన్ని తేడాలో మన పిల్లలకి తెలియాలి. సత్యం ఎక్కడ ఉంటే ఐక్యత అక్కడ ఉంటుంది." ఆయన ఆ మాట అంటుండగానే కిటికీలోంచి పెదనాన్న సంఘం పాట గట్టిగా వినబడింది. నాన్న లేచి వెళ్లి కిటికీ వేసి వచ్చి, మిగతాది చెప్పారు.

మా టీములో ముగ్గురు ముస్లింలు ఉండేవారు. పెద్ద భాయ్ సున్నీ, దర్గాలంటే ప్రాణం, ఏ ఉరుసూ వదిలేవాడు కాదు. చిన్న భాయ్ కూడా సున్నీయే గానీ దర్గా పేరెత్తితే చాలు చెవులు మూసుకునేవాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పినప్పటి నుంచి కట్టేదాకా ఇద్దరూ దాని మీదే వాదించుకునేవారు, ఒకరి కూర ఒకరు తింటూనే. మూడో ఆయన మీర్ సాబ్, షియా, పాతబస్తీ మనిషి, జుట్టు సగం నెరిసింది. నేను చేరిన మొదటి నెలలో టెస్ట్ సర్వర్‌లో ఉన్న సమాచారమంతా పొరపాటున చెరిపేసి బాత్రూంలోకి వెళ్లి దాక్కుంటే, తలుపు తట్టి, "బయటికి రా బేటా, ఫికర్ చెయ్యకు, నేను కూడా చెరిపిన ఒకసారి" అని పక్కన కూర్చుని అంతా తిరిగి ఎక్కించింది ఆయనే. ఆ ఆఫీసులో నాకు దిక్కంటూ ఉంటే ఆయనే. అలాంటి మనిషి మీద నేను నోట్‌బుక్కు పట్టుకుని నిఘా పెట్టాను.

రంజాన్ మొదలైంది. సాయంత్రం ప్యాంట్రీ పక్క గదిలో వాళ్లు ఉపవాసం విడిచేవారు. నేను గాజు గోడ ఇవతల కాఫీ కప్పు అడ్డం పెట్టుకుని, నా వృత్తిధర్మం ప్రకారం, తేడా కనిపించినదల్లా ఎక్సెల్ షీటులో ఎక్కించాను. నమాజులో పెద్ద భాయ్ చేతులు పొట్ట మీద, చిన్న భాయ్ చేతులు ఛాతీ మీద, మీర్ సాబ్ చేతులు కట్టనే కట్టడు. మీర్ సాబ్ నుదురు ఆనించే చోట ఒక మట్టిబిళ్ల, మిగతావారికి అది లేదు. అన్నిటికన్నా పెద్ద తేడా, పొద్దు గుంకగానే భాయ్‌లిద్దరూ ఖర్జూరం నోట్లో వేసుకునేవారు. మీర్ సాబ్ వేసుకునేవాడు కాదు, తూర్పున ఎరుపు పూర్తిగా పోయేదాకా, అంటే ఇంకో పది నిమిషాలు ఆగేవాడు. ఆ వరుసకు నేను ఎర్రరంగు పూశాను. నా ప్రసంగానికి మకుటం దొరికిందని ఆ రోజు బస్సులో సీటు దొరికినంత సంతోషపడ్డాను.

మూడో శుక్రవారం టీమంతటికీ ఇఫ్తార్ అనుకున్నాం. మదీనాగూడ నుంచి పెద్ద భాయ్ హలీం తెస్తానన్నాడు. ఏర్పాట్లు నేను చూస్తానని ఎగబడి ఒప్పుకున్నాను. నాకు ఇప్పుడు అంతా తెలుసు కదా! ఎవరి మనసూ నొప్పించకూడదని గదిలో ఈ మూల ఒక పెద్ద టేబుల్, ఆ మూల నీళ్ల మెషీన్ పక్కన ఒక చిన్న టేబుల్ వేసి, రెండు కార్డులు రంగుల్లో ప్రింటు తీసి నిలబెట్టాను. పెద్దదాని మీద 'సున్నీ', చిన్నదాని మీద 'షియా - పది నిమిషాల తర్వాత'. హలీం కూడా రెండు గిన్నెల్లోకి విడదీయించాను.

హౌస్ కీపింగ్ అక్క తుడుస్తున్న గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏంది సార్ గిది? ఏటా రెండు టేబుళ్లు తెచ్చి అంటిస్తం. నువ్వేంది గిట్ల దూరం జరుపుతున్నవ్? కొట్లాటయ్యిందా?"

"కాదక్కా, గౌరవం" అన్నాను.

"గౌరవమంటే గింత దూరమా?" అని ఆమె తన పనిలో తను పడింది. ఆమెకు ఈ విషయాల మీద అధ్యయనం లేదని నేను జాలిపడ్డాను.

అందరూ వచ్చారు. మీర్ సాబ్ కార్డు దగ్గర ఆగాడు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని మళ్లీ చదివాడు. "మాషా అల్లా, ప్రింటింగ్ మంచిగుంది బేటా" అని, వెళ్లి ఆ చిన్న టేబుల్ దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. నేను పొగడ్త అనుకున్నాను. (నిజంగానే అనుకున్నాను, ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.)

పొద్దు గుంకే వేళయింది. పెద్ద టేబుల్ దగ్గర భాయ్‌లిద్దరూ చేతులు చాపి కూర్చున్నారు. చాపిన చేతులు అలాగే ఉన్నాయి. "మీర్ సాబ్ ఏడి? ఖర్జూరం ఎవరిస్తరు?" అన్నాడు పెద్ద భాయ్. అప్పుడు గుర్తొచ్చింది నాకు, రోజూ ఏం జరిగేదో. ఆ పది నిమిషాలూ మీర్ సాబ్ ఊరికే కూర్చునేవాడు కాదు. తన ఉపవాసం ఇంకా అవలేదు కాబట్టి లేచి తిరుగుతూ అందరి చేతుల్లో ఖర్జూరాలు పెట్టి, గ్లాసుల్లో నీళ్లు పోసేది ఆయనే. వాళ్లు నమాజు చేసి వచ్చేసరికి ఆయన వేళయ్యేది. అప్పుడు భాయ్‌లు ఆయన నోటికి ఖర్జూరం అందించేవారు, ఆ తర్వాతే హలీం గిన్నె మూత తీసేవారు. ఇన్ని రోజులూ గాజు గోడ ఇవతల నిలబడి నేను రాసుకున్నది 'మీర్ సాబ్ తినలేదు' అని మాత్రమే. పెట్టడం నా షీటులో లేదు. దానికి వరుసే లేదు.

"నా టేబుల్ వేరేనంట భాయ్. రాసిండ్రు" అన్నాడు మీర్ సాబ్ అక్కడి నుంచి, మెల్లగా.

పెద్ద భాయ్ కార్డు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. చిన్న భాయ్ లేచాడు. "అరే, మరి నా టేబుల్ ఏది? గీయన దర్గాలకు పోతడు, నేను పోను. మా ఇద్దరికీ ఒక్క టేబుల్ ఎట్లేసినవ్ తమ్మీ? ఇంకోటి తే!" అతను వెటకారమాడుతున్నాడని తెలిసే లోపు నేను సగం దూరం వెళ్లాను ఇంకో టేబుల్ కోసం. అది చూసి మీర్ సాబ్‌కు నవ్వాగలేదు. పళ్లెం పట్టుకుని గబగబా వచ్చి, "టైమైతుంది, ముందు నోట్లో వెయ్యుండ్రి. కొట్లాట తర్వాత" అని ఇద్దరికీ ఖర్జూరాలు పెట్టాడు. నాకూ ఒకటి పెట్టాడు.

నమాజయ్యాక అందరూ కుర్చీలు లాక్కుని ఆ చిన్న టేబుల్ చుట్టూ చేరారు. ఒక్కరికి వేసిన టేబుల్ చుట్టూ తొమ్మిది మంది, మోచేతులు ఒకరివి ఒకరికి తగులుతూ. అక్క రెండు గిన్నెల హలీం తెచ్చి, నా మొహం చూస్తూ, మళ్లీ ఒక్క గిన్నెలో పోసింది. నేను ఉండబట్టలేక ప్రసంగం సంగతి, ఎక్సెల్ సంగతి మొత్తం చెప్పేశాను. పెద్ద భాయ్ అది తెరిపించి చూశాడు. నేను పంపే తప్పుల జాబితాలన్నిటికీ, ప్రోగ్రాం రాసినవాడిగా, అతను ఇచ్చే జవాబు ఒకటే, దీనికీ అదే ఇచ్చాడు: "తప్పు కాదు తమ్మీ, ఇది గట్లనే పనిచేస్తది."

అందరూ నవ్వారు, మీర్ సాబ్ మాత్రం నవ్వలేదు. "నువ్వు రాసింది అబద్ధం కాదు బేటా. తేడాలున్నయ్. పెద్దవే ఉన్నయ్. కొన్ని జాగల రక్తం కూడా కారింది, దాచేదేం లేదు. గానీ పది నిమిషాలకు ఇంకో టేబుల్ ఎందుకేసినవ్?"

"మా దగ్గర అలాగే వేస్తారు సర్" అన్నాను, ఆలోచించకుండానే.

"మీ దగ్గర ఎన్ని టేబుళ్లున్నయ్?"

లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మా వీధిలో రెండు, చెరువు దాకా వెళ్తే బాప్తిస్మం ఎలా ఇవ్వాలన్న దాని మీద ఒకటి, నగలు పెట్టుకోవచ్చా అన్న దాని మీద ఒకటి, డ్రమ్ములు వాయించవచ్చా అన్న దాని మీద ఒకటి... పదకొండు దగ్గర ఆపాను.

"మీ ఇంట్ల?" అన్నాడాయన.

"రెండు" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. హలీం వేడిగా ఉందని కళ్లు తుడుచుకున్నాను.

ప్రసంగం చేశాను. ఎక్సెల్ షీటు చూసి గీసుకున్న చార్టు చుట్టి పక్కన పెట్టి, ఆ పది నిమిషాల గురించి చెప్పాను. మా కిటికీలు తెరిచే ఉన్నాయి, ఆరిళ్ల అవతల పెదనాన్న మైకు నా ప్రతి వాక్యం మధ్యా దూరుతోంది. చివర్లో, మనకు గిన్నె ముఖ్యమా, పెట్టే చెయ్యి ముఖ్యమా అని కూడా అన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. నాన్న తల వంచుకుని చేతిగడియారానికి కీ ఇస్తూ కూర్చున్నారు. (అది బ్యాటరీ గడియారం.) కార్యదర్శి పదవి 'ఇతర సంఘాల పొరపాట్లు' మీద మాట్లాడిన అబ్బాయికి ఇచ్చారు. ఆ అబ్బాయి బాగా చేశాడని ఇప్పటికీ అంటారు.

మీర్ సాబ్ ఇప్పుడు వేరే ఆఫీసులో ఉన్నారు. రంజాన్‌లో ఫోన్ చేస్తే, "నీ టేబుల్ కాడనే ఉన్న బేటా" అంటారు. మా వీధిలో సంఘాలు ఇప్పటికీ రెండే, గిన్నెలు ఎక్కడివక్కడే. నా ప్రసంగం వల్ల ఎవరైనా మారారని నేను చెప్పుకోను. నాన్న కూడా ఒప్పుకోరు. ఈమధ్య పెదనాన్నతో ఎందుకు మాట్లాడుతున్నారంటే, మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేక దగ్గర్లో ఉన్న మనిషితో మాట్లాడుతున్నానంటారు. కానీ కిందటి క్రిస్మస్‌కు మా ఆరాధన ముందే అయిపోయి, పిల్లలు బిర్యానీ గిన్నె చుట్టూ మూగితే, నాన్న మూత మీద చెయ్యి పెట్టి, "ఆగండి, అన్నయ్య వాళ్ల ప్రసంగం ఇంకా అవలేదు. ఇంకో పది నిమిషాలు" అన్నారు. పెదనాన్న వచ్చారు. కూర్చున్నారు. నాన్నే వడ్డించారు. దాహం వేసినప్పుడు మధ్యలో ఒకటే చెంబు ఉంది. పెదనాన్న తాగి ఇచ్చారు, నాన్న తీసుకున్నారు. ఇద్దరూ ఎత్తి పోసుకునే తాగారు, పెదవి తగలకుండా. ఆ చెంబు ఏ సంఘానిదో తేల్చమంటే ఇప్పటి నాకు చేతకాదు. ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడైతే ఈపాటికి కార్డు ప్రింటు తీసి నిలబెట్టేవాడు, అదీ రంగుల్లో.