జారలేదు, అతుక్కుపోయింది

ఎనభైల్లో మాట. నేను టెన్త్. నూజివీడులో మా ఇంటి పక్కనున్న బాస్కెట్‌బాల్ కోర్టు సిమెంటు నేల మీదే చాపలు పరిచి మామిడి తాండ్ర పోసేవాళ్లం. చాపలెత్తాక, కారిన రసం కడగడం నా పని. ఆరోజు బద్ధకించి రెండు చెంబుల నీళ్లు చల్లి వచ్చేశాను.

బాస్కెట్‌బాల్ ఆటతోనే ఉద్యోగం సంపాదించిన అన్నయ్య సెలవుకొచ్చి, సాయంత్రం ప్రాక్టీసుకి దిగాడు. బంతితో గిర్రున తిరిగాడు. బూటు తిరగలేదు. మోకాలు టప్పుమన్న శబ్దం గోడ ఇవతల నాకు వినిపించింది.

"ఎలా జారావురా?" అన్నారు నాన్న.

"జారలేదు నాన్నా, కాలు అతుక్కుపోయింది."

మళ్లీ ఆడలేదు. ఇప్పటికీ వేసవిలో వచ్చి, ఆ కాలు చాపుకుని, "నీ చేతి తాండ్ర పెట్టవే" అంటాడు. పెడతాను. నిజం మాత్రం చెప్పలేదు.

అన్నయ్య ఈ పత్రికలో ఈ పేజీని ఏ వారమూ వదలకుండా చదువుతాడు.