కేకులో చిటికెడు కారం

నా చిన్నప్పుడు మా ఊళ్లో కేకు చేసే ఇల్లు ఒక్కటే ఉండేది. అది మా పక్కింటి టీచరమ్మగారిది. సత్తెనపల్లి దగ్గర మిరప, పత్తి తప్ప వేరే ఊసు లేని పల్లె మాది. తీపి అంటే మాకు అరిసెలు, బూరెలు, లేకపోతే దొంగతనంగా నోట్లో వేసుకున్న బెల్లం ముక్క. అలాంటి ఊరి బడికి పాఠాలు చెప్పడానికి వచ్చిన ఆవిడ, డిసెంబరు నెల రాగానే కేకు పనిలో పడి గోడకు ఇవతల ఉన్న మా ప్రాణాలు తోడేసేది. ఆ వాసన తగిలిన పూట మా అమ్మ ఏం వండి పెట్టినా నాకు సహించేది కాదు.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో చూస్తూ, మధ్యలో స్నేహితురాళ్లతో కబుర్లు చెబుతూ కేకు చేసేస్తుంది. చేసుకోనీండి, నాకేం బాధ లేదు, ముందు ముక్క నాదే. కానీ ఆ రోజుల్లో కేకంటే ఇంటిల్లిపాదికీ పని. సోలెడు మైదాకి సోలెడు పంచదార, దానికి తగ్గ వెన్న, గుడ్లు, నానబెట్టిన ఎండుద్రాక్ష, రంగు కోసం మాడ్చి తీసిన పంచదార పాకం. ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క, శొంఠి సరేసరి. పిండిని ఒకే వైపు తిప్పాలి. చెయ్యి నొప్పి పుట్టి రెండోవైపు తిప్పామా, టీచరమ్మగారు బడిలో చూసినట్టే కళ్లజోడు మీద నుంచి చూసేది.

ఆ కేకు ఆవిడకు నేర్పింది ఒంగోల్లో ఉండే వాళ్ల అత్తగారు. బంధువుల్లో ఆ పెద్దావిడ చేతి కేకుకు ఎంత పేరో, ఆవిడ నోటికీ అంత పేరు. పెళ్లయిన కొత్తలోనే, 'బడిలో పాఠాలు చెప్పే పిల్లకి వంటేం వస్తుందిలే' అని నలుగురిలో అనేసిందట. ఆ ఏడు ఆ అత్తగారే మొదటిసారి క్రిస్మస్‌కి మా ఊరు వస్తున్నానని కబురు పంపింది. టీచరమ్మగారికి కాలూ చెయ్యీ ఆడలేదు. "ఈసారి కేకు గనక చెడిందంటే జన్మంతా దెప్పుతారండీ పెద్దమ్మగారూ" అని మా నాయనమ్మ దగ్గరకొచ్చి వాపోయింది.

మా నాయనమ్మ సంగతి చెప్పాలి. ఊళ్లో ఎవరింట్లో పెళ్లి జరిగినా పొయ్యిల దగ్గర పెత్తనం ఆవిడదే. తన వంటకు వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదని ఆవిడ నమ్మకం. గొంతు విప్పితే పొలంలో ఉన్నవాళ్లకు కూడా వినపడేది. "నేనుండగా నీకేం భయమే పిచ్చిపిల్లా!" అని ఆ రోజే రంగంలోకి దిగింది. మా గేదె వెన్న ఇచ్చింది. మా కోళ్ల గుడ్లు ఇచ్చింది. పత్తికట్టె భగ్గున మండి చప్పున ఆరిపోద్దని, నిలకడగా ఉండే తుమ్మ నిప్పులే కావాలని మా నాన్నను పంపి మొద్దులు తెప్పించింది. కేకు టీచరమ్మగారిదో నాయనమ్మదో మాకే తెలియకుండా పోయింది.

ఇక పంచదార, మసాలా దినుసులు మెత్తగా దంచాలి. టీచరమ్మగారింట్లో ఉన్నది అల్లం దంచుకునే చిన్న రోలు. "దాంట్లో ఎప్పటికవుద్దమ్మా, ఇటు తే" అని నాయనమ్మ అన్నీ లాక్కొచ్చి మా పెరట్లో పెద్ద రాతి రోట్లో తనే దంచింది. అంతకు రెండ్రోజుల ముందే అదే రోట్లో తొలికోత పండుమిరపకాయలు వేసి కొరివికారం దంచారు. అది దంచే రోజున వీధి వీధంతా తుమ్ముతుంది. నాయనమ్మ రోలును బూడిద పెట్టి తోమి, బిందెలతో నీళ్లు పోసి కడిగిన మాట నిజమే. కానీ మా మిరపకాయ నీళ్లకి లొంగే రకమా? రాతి గరుకుల్లో నక్కి కూర్చుంది.

పిండి కలిపిన గిన్నె నాకడానికి పిల్లలం కొట్టుకున్నాం. నాలుక కాస్త చురుక్కుమంది. అయితే పొద్దున్నే చద్దన్నంలో కొరివికారం కలుపుకుని తిన్న నోళ్లు మావి. ఆ మంటే ఇంకా వదల్లేదనుకున్నాం. నాయనమ్మా వేలితో తీసి చప్పరించి, అమృతం అనేసింది. మా ఊళ్లో నాలుక మండితే ఎందుకు మండిందని ఎవరూ అడగరు.

పెద్ద దాకలో ఇసుక పోసి, దాని మీద కేకు గిన్నె పెట్టి, మూత మీద కూడా తుమ్మ నిప్పులు పోశారు. టీచరమ్మగారు చీపురుపుల్ల గుచ్చి చూసి, అది తడి లేకుండా వచ్చేసరికి చప్పట్లు కొట్టింది. అంత పెద్ద టీచరు చిన్నపిల్లలా గంతులేయడం అదే చూడటం. కేకు గోధుమరంగు దాటి, నున్నగా, పగుళ్లు లేకుండా పొంగింది. నాయనమ్మ దిష్టి తీయబోతే అందరం నవ్వాం.

పండగ రోజు ప్రార్థన అయి వచ్చాక మమ్మల్నందరినీ పిలిచారు. ఒంగోలు అత్తగారు తెల్ల చీర కట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది. పక్కనే పెద్దపీట వేసి మా నాయనమ్మను కూర్చోబెట్టారు. టీచరమ్మగారు కేకు కోసి ముందు అత్తగారికి ఇచ్చింది. ఆవిడ కొరికి, నమిలి, ఆగి, మళ్లీ నమిలింది.

"ఏంటమ్మాయ్, కేకు మండుతోంది?"

ఆ మాటకి నాయనమ్మ తన ముక్క గబుక్కున నోట్లో వేసుకుంది. మింగీ మింగకముందే ఆవిడకు అర్థమైపోయింది. మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "అది కాదమ్మా, మా రోలు..." అని మొదలుపెట్టింది. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేను ఎన్నడూ వినలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

టీచరమ్మగారు ఒక్క మాట అంటే చాలు, అత్తగారి ముందు గట్టెక్కేది. పక్కింటి రోట్లో దంచామండీ అంటే సరి, అది నిజం కూడా. ఆవిడ అలా అనలేదు. నాయనమ్మ చేతిలో ఇంకో ముక్క పెట్టి, నవ్వుతూ అత్తగారి వైపు తిరిగింది.

"నేనే వేశానండీ అత్తయ్యగారూ. అంతా మీరు నేర్పినట్టే చేసి, చిటికెడు కారం కలిపాను. మిరప పండే ఊరికి మొదటిసారి వచ్చారు కదా, ఈ ఊరి రుచి చూపిద్దామని."

పెద్దావిడ కోడలిని ఎగాదిగా చూసింది. మిగిలిన ముక్క కూడా నోట్లో వేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు ఎగబీల్చింది. మా పని అయిపోయిందనుకున్నాను.

"నిన్నటి నుంచి జలుబుతో చస్తున్నాను. ఇప్పుడు ముక్కు తెరుచుకుంది" అంది. తర్వాత పెద్దగా నవ్వింది. "ముందు తీపి, మింగాక మంట. భలే కిటుకు పట్టావే! ఇంకో ముక్క ఇటు పెట్టు."

అంతే, అందరం ఒక్కసారిగా నవ్వేశాం. అందరికన్నా గట్టిగా నవ్వింది మా నాయనమ్మే. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎందుకని మా అమ్మ అడిగితే, కారమే తల్లీ అంది. కేకు పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవలేదు.

ఆ సంగతి నాయనమ్మ ఆ తర్వాత ఎవరి దగ్గరా ఎత్తలేదు. టీచరమ్మగారికి మంచి మాటైనా చెప్పలేదు, అది ఆవిడ తత్వం కాదు. కానీ మరుసటేడు డిసెంబరులో, తొలికోతలో మంచి రంగున్న కాయలు తనే ఏరి, ఎండబెట్టి, గింజ తీసి, దంచి, పలుచటి గుడ్డలో జల్లించి, చిన్న గిన్నెలో పోసుకుని గోడ దగ్గరకెళ్లింది. "ఇదిగో, నీ కేకులోకి" అంది. టీచరమ్మగారు ఎంతో మామూలుగా అందుకుంది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత గోడకు చెరో పక్కన నిలబడి ఇద్దరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వడం నా కళ్ల ముందు ఇప్పటికీ ఉంది.

అలా ఏటా నాయనమ్మ కారం ఇవ్వడం, ఆవిడ చిటికెడు వేయడం మామూలైపోయింది. నాకు కాస్త ఊహ తెలిశాక ఒకసారి అడిగాను, ఈ ఒక్క ఏడాదికి కారం మానేయొచ్చు కదండీ, అసలు కేకు ఎలా ఉంటుందో చూస్తాం అని. ఆవిడ గరిటెతో పిండి తిప్పడం ఆపకుండానే చెప్పింది.

"మానేశాననుకో, ఆ రోజు నేనన్నది అబద్ధమైపోదుటే? తర్వాత మీ నాయనమ్మ ఈ ఇంటికి మునుపటిలా వస్తుందా?"

అప్పటికి నాకు నవ్వొచ్చింది. తర్వాత కాపురానికి వచ్చి, నలుగురితో మసిలి, ఒకరి పరువు ఒకరు కాయడం ఎంత అరుదో చూశాక ఆ మాట బరువు తెలిసింది. ఆ పూటకి వెనకేసుకొచ్చి, మర్నాడు నలుగురికీ చెప్పి నవ్వుకునే వాళ్లనే ఎక్కువగా చూశాను. నేనూ తొందరపడి ఎవరినన్నా ఏమన్నా అనబోయినప్పుడు ఆవిడ చెయ్యి, ఆ గరిటె గుర్తొచ్చి నోరు మూసుకున్న రోజులున్నాయి.

ఇప్పుడు గుంటూరులో, మా కోడలి ఓవెన్‌లో ఏటా క్రిస్మస్‌కి కేకు చేస్తాను. కారం ఎందుకని మనవరాలు గోల పెడుతుంది, ఫోనులో ఎక్కడా అలా లేదంటుంది. నాయనమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది, టీచరమ్మగారూ పోయారు. ఇప్పుడు నేను మానేసినా అడిగేవాళ్లు లేరు. అయినా చిటికెడు వేస్తూనే ఉన్నాను. నా చేతుల్లో ప్రాణం ఉన్నన్నాళ్లూ టీచరమ్మగారి మాట అబద్ధం కానివ్వను.