పైవరస, ఎడమవైపు

పళ్లమ్మాయికి నలభై దాటి కొన్నేళ్లయింది. అయినా ఆ వీధిలో ఎవరూ ఆమెని పేరు పెట్టి పిలవరు, అమ్మాయి అనడమూ మానరు. పంటి క్లినిక్కులు వరసగా ఉండే వీధి వెనక, ఒక మేడ మీది గదిలో కూర్చుని కట్టుడు పళ్లు తయారుచేస్తుంది. గదిలో పెద్ద కిటికీ ఒకటి, బల్లలు రెండు, మైనం కరిగించే స్పిరిట్ దీపం, గోడంతా అరలు. అరల నిండా ఊళ్లోవాళ్ల నోళ్లు, అంటే నోటి అచ్చులు. ఎక్కడ చూసినా ప్లాస్టర్ పొడే. ఆ గదిలో టీ తాగినా సగం ప్లాస్టరే తాగినట్టు.

తమాషా ఏమిటంటే, ఊరందరికీ పళ్లు పెట్టే మనిషికి తన నోట్లోనే ఒకటి తక్కువ. ఊడిపోలేదు, అసలు రానేలేదు. పైవరసలో ఎడమవైపు, ముందు పన్ను పక్కన రావాల్సింది ఎగనామం పెడితే, కోరపన్ను కాస్త ముందుకి జరిగి కూర్చుంది. మధ్యలో సందు మిగిలింది. బడిలో పిల్లలు ఊరుకుంటారా? “ఇది పన్ను ఎగ్గొట్టిందిరోయ్” అని ఏడిపించేవాళ్లు. ఇప్పుడు ఆవిడే తలుచుకుని నవ్వుతుంది.

ఆమె పెంపుడు కూతురు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎప్పుడూ గుట్టు కాదు. ఊహ తెలిసిననాడే అమ్మ చెప్పేసింది, అన్నం తినమని చెప్పినంత మామూలుగా. నాన్న పోయాక, కన్నతల్లిని వెతుకుతానని పళ్లమ్మాయి అంటే, “వెతుక్కోవే, నాకేం? నేనేమైనా అరిగిపోతానా!” అంది. ఆ పూట వంటింట్లో గిన్నెలు మాత్రం ఎప్పటికన్నా గట్టిగా చప్పుడు చేశాయి. తర్వాత ఎప్పుడైనా ఒళ్లు మండితే ఇంకోలా దెప్పేది: “చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్లున్నారని విన్నాను గానీ, ఇంట్లో తల్లిని పెట్టుకుని వెతికేదాన్ని నిన్నే చూశాను.”

ఇంతకీ పళ్లమ్మాయికి కావలసింది ఆస్తి కాదు, అండా కాదు. ఆ మనిషి ఒక్కసారి తన మొహంలోకి చూసి “అవును, నువ్వు నా పిల్లవే” అంటే చాలు. దాని కోసం శిశుసదనం చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. కాగితాలన్నీ ఎప్పుడో వరద నీళ్లలో పోయాయన్నారు. మిగిలింది ఒక ముసలి ఆయా. ఆవిడ పళ్లమ్మాయి నవ్వు చూసి అక్కడే నిలబడిపోయింది. “నిన్ను తెచ్చిన పిల్లకీ ఇంతేనమ్మా. పైవరసలో అక్కడే ఖాళీ. చిన్నపిల్ల, పెదవులు విప్పితే ఒట్టు. వెళ్లేముందు నువ్వు ఆవలిస్తే మాత్రం ఒక్కసారి నవ్వింది. అప్పుడు చూశాను” అంది.

అంతే! ఆ రోజు నుంచి పళ్లమ్మాయి ఏ అచ్చు వచ్చినా ముందు పైవరస ఎడమవైపే చూసేది. లోకంలో ఎవరైనా తల్లిని మొహం చూసి వెతుకుతారు. ఈవిడ ముక్కూ మొహం లేని ప్లాస్టర్ ముద్దల్లో వెతికింది. ఏళ్ల తరబడి వెతికింది, మహాతల్లి!

ఒకనాడు ఒకే మనిషివి రెండు అచ్చులు కలిసి వచ్చాయి. కదులుతున్న పళ్లన్నీ తీసేసే ముందు తీసినదొకటి, చిగుళ్లు మానాక తీసినదొకటి. అరవై దాటిన ఆడమనిషి నోరు. పైవరసలో ఎడమవైపు ముందు పన్ను, సందు, సందులోకి తొంగిచూస్తున్న కోర. పళ్లమ్మాయి గబుక్కున లేచింది. పని నేర్చుకునే రోజుల్లో తీసుకున్న తన సొంత అచ్చు అరలోంచి దించి పక్కన పెట్టింది. రెండూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి.

“ఇలాంటి నోళ్లు సవాలక్ష ఉంటాయమ్మా” అన్నాడు మేస్త్రి. ల్యాబు ఆయనదే, పని నేర్పిందీ ఆయనే. “నా చేతిమీదుగానే ఎన్నో పోయాయి.”

“ఇది కాదు మేస్త్రీ. ఇది ఆవిడదే.”

“నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లంటావు! ఎవరో ఏమిటో తెలియకుండా...”

“తెలుసుకోవడానికేగా.”

పళ్లు తయారుచేసేవాళ్లు పెట్టుకునేవాళ్లని చూడరు. అది ఈ పనిలో ఆనవాయితీ. అచ్చు వస్తుంది, పళ్లు వెళ్తాయి, మధ్యలో డాక్టరు. ముందు పళ్లని మైనంలో గుచ్చి పంపితే, డాక్టరు మనిషి నోట్లో పెట్టి చూసి బాగుందంటే అప్పుడు గట్టి సెట్టు పోస్తారు. మేస్త్రికి ఒక పాత పట్టింపు ఉంది: అలవాటైన నోరు అలవాటుగానే ఉండాలి, పాత పన్ను వంకరైతే కొత్తదీ కాస్త వంకరగానే ఉండాలి. పళ్లమ్మాయి ఆ మాటని అడ్డం పెట్టుకుంది. వరస సాఫీగా రావాలని, అచ్చులు పంపిన డాక్టరమ్మ ఫోన్లో రెండుసార్లు చెప్పినా పెడచెవిన పెట్టి, మైనంలో ఎడమవైపు సందు అలాగే వదిలేసింది. నోరు తెరిచి అడగలేనిది ఆ సందు అడుగుతుందనుకుంది. అద్దంలో తన పాత నవ్వు చూసుకుని ఆవిడ పొంగిపోతుందనుకుంది. చూడండి మరి! ఇన్నేళ్లుగా పళ్లు చేస్తోంది, జనం కొత్త పళ్లు ఎందుకు పెట్టించుకుంటారో ఆ మాత్రం తట్టలేదు.

పళ్లు కరుచుకునే తీరు చూడాలని వంక పెట్టి, మైనం సెట్టు తానే పట్టుకుని క్లినిక్కుకి వెళ్లింది. బయల్దేరేముందు అమ్మతో సంగతి చెప్పింది. అమ్మ “సరే” అని ఊరుకుంది.

కుర్చీలో చిన్నగా, శుభ్రంగా ఉన్న మనిషి. నోటికి చేతిరుమాలు అడ్డం. పక్కన నిలబడ్డ కొడుకు తలుపు దగ్గరికీ ఫోను దగ్గరికీ మధ్య తిరుగుతున్నాడు. డాక్టరమ్మ సెట్టు నోట్లో పెట్టి అద్దం ఇచ్చింది. ఆవిడ చూసుకుంది. మొహంలో రంగు దిగిపోయింది. చెయ్యి గబుక్కున నోటికి అడ్డం వెళ్లింది.

“ఇదేమిటి, సందు వదిలేశావు? చిలక్కి చెప్పినట్టు చెప్పానుగా!” అని డాక్టరమ్మ పళ్లమ్మాయి మీద లేచింది.

పళ్లమ్మాయి కుర్చీలో ఉన్న మనిషి కేసి చూసి, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. కావాలనే నవ్వింది.

ఆవిడ ఆ నవ్వు కేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నోట్లోంచి సెట్టు తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టి, “మూసెయ్యమనండి. సందు వద్దు” అంది.

“అమ్మకి ఆ సందంటే మొదట్నించీ చిరాకండీ. ఫొటోల్లో కూడా నవ్వదు” అన్నాడు కొడుకు, క్షమాపణ చెబుతున్నట్టు. బండి తెస్తానని కిందికి దిగాడు.

వసారాలో బెంచీ మీద ఆవిడ ఒక్కతే కూర్చుంది. పళ్లమ్మాయి సెట్టున్న డబ్బా పట్టుకుని బయటికి వస్తుంటే చెయ్యి ఊపి పిలిచింది. పళ్లు లేని నోరు, మాట ముద్దగా వచ్చింది.

“పుట్టుకతోనే లేదా అది?”

“లేదండీ.”

“ఎక్కడ పెరిగావు?”

“ఇక్కడే. అమ్మా నాన్నా దగ్గర.”

“బాగా చూసుకున్నారా?”

“చాలా బాగా చూసుకున్నారండీ.”

ఆవిడ మోకాళ్ల మీద రుమాలు పరిచి, మడిచి, మళ్లీ పరిచింది. “వాడికి తెలీదు. వాళ్ల నాన్న తెలీకుండానే పోయారు” అంది.

“నేనెవరికీ చెప్పనండీ.”

పళ్లమ్మాయి ఎదురుచూసింది. ఆ ఒక్క మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని. ఆవిడ లేచి నిలబడి, పళ్లమ్మాయి గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకి తిప్పింది.

“నువ్వు కూడా పెట్టించుకోరాదటమ్మా ఆ పన్ను? ఎవరూ చూసి పోల్చుకోరు.”

ఆ మాట అన్నది తల్లో, తల్లిలోని భయమో, విడదీయడం ఎవరి తరం! పళ్లమ్మాయికి ఏడుపు ముంచుకొచ్చింది. కోపమూ వచ్చింది. రెంటినీ మింగి, “వద్దండీ. మా అమ్మకి నేనిలాగే అలవాటు” అంది.

కింద హారన్ మోగింది. ఆవిడ చెయ్యి గడ్డం మీంచి వెంటనే రాలేదు. తర్వాత మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి వెళ్లిపోయింది.

పళ్లమ్మాయి ల్యాబుకొచ్చి దీపం వెలిగించింది. మైనం మెత్తబరిచి, కోరని వెనక్కి జరిపి, విడి పళ్ల డబ్బాలోంచి రంగు కలిసే పన్ను ఏరి ఆ సందులో పెట్టింది. మేస్త్రి చూసి, “కుదిరింది” అన్నాడు. నిజంగానే కుదిరింది, వంక పెట్టడానికి లేదు.

ఇంటికెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

“ఆవిడేనా?”

“కాదమ్మా. మేస్త్రి చెప్పినట్టే, ఇంకెవరో.”

“అయ్యో పాపం!” అంది అమ్మ. అంది గానీ, ఆ గొంతులో సంతోషం దాచడం ఆవిడకి చేతకాలేదు. అది తనకే తెలిసినట్టుంది, గబగబా సర్దుకుంది. “పోనీలే, ఇంకోచోట వెతుకుదాం. ఈసారి నేనూ వస్తాను. ఇద్దరం తిరిగితే దొరక్కపోతుందా?”

“చాలమ్మా. ఇంక వెతకను.”

అమ్మ లోపలికెళ్లి పొయ్యి మీద పాలు పెట్టింది. అవి పొంగుకొచ్చేదాకా అటే తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. పళ్లమ్మాయి చూడనట్టు బల్ల దగ్గర కూర్చుంది.

“పంచదార ఎంతెయ్యనే?” అని అడిగింది అమ్మ, వెనక్కి తిరక్కుండానే. ఆ లెక్క అమ్మకి కంఠతా వచ్చు, పళ్లమ్మాయి పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎన్నడూ వినబడలేదు.

“రెండు చెంచాలేనమ్మా” అంది పళ్లమ్మాయి.