సుందర్‌రాజు లావు అక్షరాలు

సంగారెడ్డి బజారులో ప్రెస్సు నడిపిన సుందర్‌రాజుకు ఒకే ఒక్క పిచ్చి. ఏ కాగితం ఇచ్చినా లావు అక్షరాల్లోనే అచ్చు వేసేవాడు. గోడ కాగితాల కోసం చేసిన కొయ్య అచ్చులవి. బొటనవేలంత ఎత్తు, బొగ్గు నలుపు, చివర్లకు కొడవలి మొనల్లాంటి కొసలు. ఇద్దరి సీటులో నలుగురు సర్దుకున్నట్టు ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడేవి. ఈయన మందు చీటీకి కూడా అవే వాడేవాడు!

పటాన్‌చెరులో చాంద్ పాషా అత్తరు దుకాణం పెట్టి కాగితాలు వేయించుకున్నాడు. "చాంద్ పాషా అత్తరు" అనేసరికే కాగితం నిండిపోయింది.

"అరే భాయ్, దుకాన్ యాడున్నదో రాయలేదేంది?"

"వాసన పట్టుకొని వస్తరు తియ్యి," అన్నాడు సుందర్‌రాజు.

మా మేక తప్పిపోతే నేనూ ఒక చిన్న చీటీ వేయమన్నాను. మర్నాడు ఏ గోడ చూసినా "మేక" అని అరుస్తోంది. సర్కారు మేకల మీద పన్ను వేసిందనుకుని పక్కింటి పెద్దరాములు తన రెండు మేకల్నీ మంచం కింద దాచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సన్నటివి లేవా నీ దగ్గర?"

"లేవు వదినా. గీ ఒక్క రకమే."

పదేళ్ళుగా అందరికీ అదే జవాబు. ఒక ప్రెస్సులో ఒకే రకం అక్షరాలా? ఎక్కడైనా ఉందా?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు మా గల్లీ దేవమ్మ బిడ్డ సుమిత్రకు పెళ్ళి కుదిరింది. మొగుడు పోయాక దేవమ్మ బీడీలు చుట్టి పిల్లను పెంచింది. పన్నెండేళ్ళు తొంగిచూడని మరిది బాలప్ప, శుభలేఖ దగ్గర మాత్రం పెద్దమనిషై వచ్చాడు. ఆహ్వానించేవారంటూ పద్నాలుగు పేర్లు రాసి ప్రెస్సులో ఇచ్చాడు. మొదటిది తనది. తల్లి పేరు ఎక్కడా లేదు.

నేను ఊరుకుంటానా?

"ఏంది బాలప్పా, పిల్లను నువ్వు కన్నవా?"

"మొగుడు లేనామె పేరు శుభలేఖ మీద ఏస్తరా అక్కా? అశుభం గాదా?"

దేవమ్మ గడప దగ్గర తల వంచుకుని, "పోనియ్యక్కా, నా పేరు ఉంటేంది, లేకుంటేంది," అంది. ఆ మాటకు నా కోపం ఇంకా పెరిగింది.

శుభలేఖలు అయ్యాయని తెలిసి ప్రెస్సుకు పోయాను. సుందర్‌రాజు పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. మూసిన సొరుగు కనబడితే నా చేయి ఊరుకోదు. లాగాను. చీమల బారుల్లా సన్న అక్షరాలు! ఇంకోటి లాగాను. అందులోనూ!

"పదేండ్ల సంది అబద్ధమాడినవా, సుందర్‌రాజూ!"

"మెల్లగ వదినా! గవి బయట పెడితే కాగితం మీదికి ఇరవై మంది పెద్దమనుషులు ఎక్కుతరు. అసలు మనిషికి జాగ ఉండదు."

శుభలేఖ నా ముందుకు జరిపాడు. సుమిత్ర, పెళ్ళికొడుకు, ముహూర్తం. కింద ఒకే ఒక్క పేరు, ఈ కొస నుంచి ఆ కొస దాకా: తల్లి దేవమ్మ. పద్నాలుగు మందిలో ఒక్కడికీ చోటు లేదు.

అంతలో వీధిలో బాలప్ప గొంతు వినిపించింది. సుందర్‌రాజు గబగబా సొరుగులు మూశాడు. శుభలేఖలకు పెట్టడానికి ఆయన బల్ల మీద ఎప్పుడూ పసుపు గిన్నె ఉంచేవాడు, చర్చికి పోయే మనిషైనా. నేను ఆ గిన్నె లాక్కుని కట్టల మూలలకు బరబరా పూసేశాను.

బాలప్ప ఒక శుభలేఖ తీసి చూసి, "నా పేరేది?" అని అరిచాడు.

"పట్టలే అన్నా. లావు అక్షరాలు గదా."

"చింపెయ్! సన్నటివి పెట్టి మళ్ళ కొట్టు!"

"సన్నటివి లేవు," అన్నాను నేను, సొరుగుకు వీపు ఆనించి. "నేను ఎతికిన. అయినా పసుపు పెట్టిన శుభలేఖ చింపుతవా? పెండ్లి ముంగట? గది అశుభం గాదా?"

బాలప్ప పసుపు మూలల శుభలేఖను ఇటూ అటూ తిప్పాడు. చింపనూ లేడు, పట్టుకోనూ లేడు. చివరికి దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం చదువు రాని దేవమ్మ వేలు పట్టుకుని ఆమె పేరు మీద ఒక్కో అక్షరం తడిమించాను. ఆమె ఎముకలు తేలిన తన చేతిని చూసుకుంది, ఆ నల్లటి అక్షరాలను చూసింది.

"గిది నేనేనా అక్కా? గింత లావున్ననా?" అని పగలబడి నవ్వింది.